మూసిన పోర్టు, రెండు వందల కరపత్రాలు

కాదు పిన్నీ, ముందు నా మాట పూర్తిగా విను. కుట్టుమిషన్ల మీద వంగి వంగి నడుములు విరిగిన నాలుగు వందల మందికి ఈ ఫ్యాక్టరీలో నోరంటూ ఉన్నది ఆ ఒక్క ఫిర్యాదుల పేజీ. అది నిన్న పొద్దున్నుంచి ఎవరి ఫోన్లోనూ తెరుచుకోవడం లేదు. దీన్ని చరిత్రలో ఏమంటారో తెలుసా? గొంతు నొక్కడం అంటారు.

నవ్వకు. ఈ సర్వర్ గదికి పెద్దదానివి, నాకు ఇందులోనే ఉద్యోగం వేయించినదానివి, అమ్మకి చెల్లెలివి. అన్నీ ఒప్పుకుంటాను. నా కోపం మాత్రం నా సొంతం.

పింగ్ చేశానా అనా? చేశాను. సర్వర్ బతికే ఉంది.

సర్వీసా? భేషుగ్గా నడుస్తోంది. సర్వర్ లోపలి నుంచి అడిగితే పేజీ ఠంచనుగా వచ్చి నిలబడుతోంది. బయట ఫోన్ నుంచి అడిగితేనే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంటే మనిషి ఇంట్లోనే ఉంది, వీధి తలుపుకి గడియ పడింది. పోర్టు మూసేశారు. ఎవరు మూశారు? ఫైర్‌వాల్ అనే కాపలావాడు. వాణ్ని అక్కడ నిలబెట్టిందెవరు? పెట్టుబడి.

సరే, నిలబెట్టింది నువ్వే. వ్యవస్థ నీ చేత చేయించింది. అందుకే కరపత్రంలో నీ ఊసెత్తలేదు, ‘యాజమాన్యం’ అని రాశాను. రెండు వందల కాపీలు. మెట్ల దగ్గర, క్యాంటీన్లో, ఆఖరికి డైరెక్టరు లిఫ్టులో కూడా అంటించాను. గేటు దగ్గర నలభై మంది భోజనాలు మానేసి కూర్చున్నారు.

ఆ డైరెక్టరు తెలివి చూశావా? “సర్వర్లు చూసేది ఆవిడ, మూస్తే ఆవిడే మూసుండాలి” అన్నాడట. మూడింటికి నిన్ను పైకి రమ్మన్నది ముచ్చట్లాడడానికి కాదు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం పిన్నీ, ఒక్క సంతకంతో ఇంటికి పంపేస్తాడు. అందుకే చెబుతున్నాను. పైనుంచి ఫోనొచ్చింది, మూయమన్నారు, మూశాను అను. చిన్న అబద్ధం. చరిత్ర క్షమిస్తుంది.

తల అలా అడ్డంగా ఊపితే ఎలా?

తెర మీద ఏమిటది? పాత ఆదేశాల జాబితా. ఔను, పోయిన నెల ఆ పోర్టు తెరిచింది నేనే. తెరిచాను, మూయలేదు. తెరిచినవాడి మీదా నీ అనుమానం?

శాశ్వతంగా తెరిచానా, తాత్కాలికంగానా అంటే... తాత్కాలికంగా. సర్వర్ ఒకసారి ఆగి లేస్తే కాపలావాడికి అది గుర్తుండదు, తెలుసు. మొన్న ఆదివారం కరెంటు పనికి సర్వర్ ఆపుతున్నానని నువ్వు బోర్డు మీద రాశావు. అదీ చదివాను.

మరి శాశ్వతం ఎందుకు చెయ్యలేదంటే, నీ పుస్తకం వల్ల. ఏ పోర్టు తెరిచినా ఎందుకో అందులో రాసి, నీ సంతకం పడ్డాకే శాశ్వతం చెయ్యాలని ఈ గది రివాజు కదా. ప్రజల గొంతుకి నేను అనుమతిపత్రం అడుక్కోవాలా? అడుక్కోదలుచుకోలేదు. నువ్వు మూడుసార్లు గుర్తుచేశావు. “ఆఁ, రాస్తాలే” అన్నాను. మూడుసార్లూ అదే అన్నాను.

అలా చూడకు పిన్నీ. ఎప్పుడు తెలిసిందేమిటి, ఇప్పుడే, నీ ముందే కదా.

పొద్దున పదిన్నరకి.

నిన్న నువ్వు సెలవు, ఏదీ పూర్తిగా చూడకుండానే కరపత్రం అచ్చుకిచ్చేశాను. ఇవాళ పదిన్నరకి లోపం నాదేనని తెలిసింది, పదకొండుకి కట్ట చేతికొచ్చింది. ఎంత బాగా వచ్చాయో తెలుసా? రెండో పేరా చదువుతుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. పోర్టు తెరవడానికి అర నిమిషం చాలు. తెరిస్తే ఉద్యమం చప్పబడిపోతుంది. అందుకని వాళ్ళ నోరు ఇంకాసేపు మూసి ఉంచాను, వాళ్ళ మేలుకే.

చెబుతుంటే ఎంత అడ్డగోలుగా ఉందో నాకే వినబడుతోందిలే.

తెరిచేశావా, అప్పుడే? ఉండు, నా ఫోన్లో చూస్తాను. వచ్చింది. మొదటి ఫిర్యాదు కూడా పడింది. ‘గంట నుంచి ఎండలో కూర్చోబెట్టారు, మంచినీళ్ళైనా ఇవ్వలేదు.’ ఎవరి మీదో అర్థమైంది, చదవక్కర్లేదు.

తిట్టవేం? రెండు తిట్లు తిడితే నాకూ కాస్త తేలిగ్గా ఉంటుంది. సంచీ ఎందుకు తీస్తున్నావు? కూర్చో. మూడింటికి పైకి నేను వెళ్తాను. డైరెక్టరుతో పెద్ద ఇబ్బందేమీ లేదు, క్షమాపణ కూడా ఎదిరిస్తున్నట్టే చెప్పగలను.

ఇబ్బందంతా గేటు దగ్గర. ‘మన గొంతు నొక్కిందెవరు?’ అని నేనడిగితే నలభై మందీ ఒక్క పెట్టున ఏమని అరవాలో పొద్దున్నే బాగా నేర్పించాను. ఇప్పుడు వెళ్ళి వాళ్ళకి కొత్త జవాబు నేర్పాలి.