కొండన్నకు చెప్పాల్సిన మాట

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఓ ఆదివారం సాయంత్రం. క్రేన్ గ్యాంగుకి పెద్ద అయిన జగన్నాథం, తనకు ఒకప్పుడు పని నేర్పిన క్రేన్ డ్రైవర్ అప్పలకొండ క్వార్టర్‌లో రెండో టీ తాగుతున్నాడు. పక్కన అప్పలకొండ భార్య కనకం. జగన్నాథం చెప్పడానికి వచ్చిన మాట మాత్రం మొదటి టీ దగ్గరే ఆగిపోయింది.

“...అదే కొండన్నా, గోల్ బజార్లో వంకాయలు మా చవగ్గా ఉన్నాయంటన్నాను.”

“ఏటంటన్నాడే కనకం?”

“వంకాయలు చవకంట!”

“అచ్ఛా! అది చెప్పడానికొచ్చినావురా జగ్గూ? మొన్నొచ్చి ఎండలన్నావు. అంతకు ముందొచ్చి దోమలన్నావు.”

“ఊరికే, చూసిపోదామని.”

“ఊరికే చూసిపోదామనంట!”

“వదినా, నేను గట్టిగానే చెప్తున్నాను కదా. మళ్ళీ నువ్వు చెప్పడమేటి?”

“అలవాటు బాబూ. మీ అన్నకి ధ్యాస తక్కువ.”

“ధ్యాసేనా?”

“ధ్యాసే. పకోడీ తినండి.”

“ఏటే ఆ గుసగుసలు?”

“పకోడీలో ఉప్పు సరిపోయిందంట!”

“సరే గానీ జగ్గూ, మన గ్యాంగు సూర్యం కాలెలాగుంది?”

“ఉంది అన్నా.”

“ఏటంటన్నాడే?”

“ఉందంట!”

“కాలుంటాదిలేరా. ఎలాగుందని అడిగినాను.”

“రెండు వేళ్ళు తీసేసినారు.”

“ఏటన్నాడే?”

“మానుతున్నాదంట!”

“వదినా!”

“ఏటి బాబూ వదినా? దసరాకి రిటైరవుతాడు. అంతవరకూ నోరు కట్టుకోండి, మీకు దణ్ణం పెడతాను. చెవులు పోయాయని క్రేన్ మీంచి దింపేస్తే ఏం చేస్తారు? గేటు కాడ స్టూలేసి కూచోబెడతారు. ఈ మనిషి ఆ స్టూలు మీద బతుకుతాడా?”

“హోలీ నుంచీ కట్టుకునే ఉన్నాను వదినా. వచ్చే వారం చెప్తాను, వచ్చే వారం చెప్తాను... ఈ ఊరికి రైల్వే జోన్ వచ్చింది, నాకు కుర్చీ వచ్చింది, నోరు మాత్రం రాలేదు.”

“రాకపోతే ఏటి నష్టం? మీ చేతి సైగ చూసి చక్కగా పని చేస్తన్నాడు కదా.”

“చెయ్యి కనిపిస్తే చేస్తాడు. సూర్యానికి దెబ్బ తగిలిన రోజు నేను వ్యాగన్ వెనక ఉన్నాను. సూర్యం ఇంకా తప్పుకోలేదు. ఆపమని విజిల్ ఊదాను. అన్న బరువు దించేశాడు. అప్పుడైనా చెప్పానా? పై ఆఫీసర్లకి చైను జారిందని చెప్పి ఊరుకున్నాను. రేపు పొద్దున్న మళ్ళీ వ్యాగన్ ఎత్తాలి. కింద ఆరుగురుంటారు. అందులో మీ తమ్ముడు అమ్మన్న ఒకడు.”

“...అమ్మన్నకి రేపు సెలవిచ్చీయండి.”

“మిగతా ఐదుగురికో?”

“పకోడీలు చల్లారిపోతన్నాయి.”

“చెప్పు వదినా. ఐదుగురికో?”

“ఇంకో టీ పెడతాను.”

“వద్దు. టీలు తాగే హోలీ నుంచి ఇక్కడిదాకా వచ్చాను.”

“ఏటే, నన్నొదిలేసి మీలో మీరే మాటాడుకుంటన్నారు?”

“అన్నా, రేపు నువ్వు క్రేను ఎక్కొద్దు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నేనే రాసి పంపిస్తాను.”

“ఏటన్నాడే కనకం?”

“ఈ గ్లాసులు తీసేస్తాను.”

“నిన్నేనే! ఏటన్నాడు?”

“వెళ్ళొస్తానంటన్నారు.”

“అప్పుడేనా? సరే, పోయిరా జగ్గూ. రేపు డ్యూటీలో కలుద్దాం.”

“నువ్వు లే వదినా. ఆ కుర్చీ నాకియ్యి.”

“బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటాను...”

“లే అంటన్నాను! కొండన్నా, ఇలా తిరుగు. నా మూతి చూడు. నీకు చెవులు వినపడట్లేదు. రేపు నువ్వు క్రేను ఎక్కవు. సూర్యం కాలు నలిగిన రోజు నేను విజిల్ ఊదాను. నీకు వినపడలేదు.”

“ఊదినావా?”

“ఊదాను. ఊపిరాడనంతగా ఊదాను.”

“ఒట్టు?”

“మా అమ్మ మీద ఒట్టు.”

“ఓరి నాయనా... నువ్వే ఊదడం మర్చిపోయావనుకుని, ఇన్నాళ్ళూ నీ పేరు బయటికి రాకుండా కాసుకొస్తన్నాను కదరా!”