రాగుల పాతరకు అద్దం మూత

టేకల్ దగ్గర మా పాత తోట ఇంటిని నా కూతురు బాగు చేయించి చిన్న హోటలుగా మారుస్తా ఉండాది. నడవలో, నేలలోకి తవ్విన రాగుల పాతర మూత తీసి చూపించింది.

"దీన్ని పూడ్చేస్తావనుకుంటి పాపా."

"ఎందుకమ్మా? బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు ఇట్లాంటివే చూస్తారు. పైన అద్దం వేసి, లోపల లైటు పెట్టిస్తా."

"అద్దం పగిలితే?"

"నలుగురు ఎక్కి నిలబడినా పగలదు."

"పిల్లోళ్ళు ఎగురుతారు."

"ఎగరనీలే."

"మీ నాయన దీంట్లోనే పోయినాడని వాళ్ళకు చెప్తావా?"

"చెప్పను. రాగులు దాచే పాతర అంటా, అంతే."

"సరే."

"నీకు కష్టమైతే చెప్పు, మానేస్తా."

"కష్టమేముండాది. ఇన్నేండ్లయిపోయె, ఇంగ ఏడుపు కూడా రాదు. ఆ తాడెందుకు కట్టినారు?"

"లైట్లాయన దిగి వైరు లాగాల్ల."

"ముందు దీపం దించి చూసినారా? లోపల చెడ్డగాలి ఉంటే ఆరిపోతాది."

"ఖాళీ పాతరే కదమ్మా. పొద్దున్నుంచి మూత తీసే ఉండాది, గాలి ఆడింటాది."

"మీ నాయన కూడా ఇదే మాట చెప్పి దిగినాడు."

కూతురు నడవ చివరికి చూసి పిలిచింది.

"లైట్లన్నా, ఇప్పుడే దిగొద్దు, ఆగు. అమ్మా, దీపం యాడుండాది?"

"వంటింట్లో. నేను తెస్తా. నేనొచ్చేదాకా నువ్వు కూడా అంచుకు పోవద్దు."