క్లచ్ బెల్‌కు షాలేమ్‌రాజు పట్టా

ఏంది బిడ్డా, జెండా ఊపంగనే ముందటి చక్రం లేస్తున్నదా? లేవకుంటే ఏం జేస్తది మరి, నీ బరువంతా ఎనక్కేసుకొని కూసుంటివి. ఇంజన్ ముట్టకు, ఇంజన్‌ల ఏం లేదు. గా స్టూలు జరుపుకొని కూసో. అక్సా అంటరు గద నిన్ను, మిషన్ దవాఖానాల నర్సువు? అవ్, చెప్పిన్రు. నర్సమ్మ పావు మైలు పందెంల బండి నడుపుడేందని సారపాకల సగంమంది నవ్వుతున్నరు. నవ్వనియ్యి. ఈ చక్రం లేసే రోగానికి మందు నేను కనిపెట్టింది కాదు, షాలేమ్‌రాజుది. నువ్వు చూసి ఉండవు, ఆయన పోయి తొమ్మిదేండ్లయింది. కాయితం మిల్లుల కాంట్రాక్టు కింద లేత్ మిషన్ మీద పనిచేసెటోడు. నాకన్న ఆరేండ్లు చిన్న, అయినా గోపాలన్నా అని ఒక్కనాడు పిలవలే. "గోపాలూ... గా స్పానర్ నాది" అని సాగదీసెటోడు, గంతే. మాట తక్కువ మనిషి. ఆదివారం చర్చిల పాట అందుకుంటే మాత్రం పైన రేకులు అదిరేటివి. ఆయనేం జేసిండంటే, ములకలపల్లి దిక్కు సంతల అడివి సరుకు కొంటరు చూడు, చింతపండు, ఇప్పపువ్వు తూచే కాంటాలు, అవి రెండు కిరాయికి అడిగిండు. ఒకదాని మీద ముందటి చక్రం, ఒకదాని మీద ఎనక చక్రం. నన్ను బండెక్కించి, "వంగు, ఇంకా వంగు, పొట్ట ట్యాంకుకు తాకాలె" అనుకుంట రెండు కాంటాలు చూసుడు, కాయితం మీద రాసుడు. చింతపండు గంపతోటి లైన్ల నిలబడ్డ భీమక్క అనే ముసలామె చూసి చూసి అడిగింది, "ఏం సారూ, ఈయేడు బండ్లు గూడ కిలోల లెక్కన కొంటున్నరా? మా ముసలోడు ఉన్నడు, బరువు మంచిగనే తూగుతడు, కొంటరా?" అని. సంతంతా నవ్వింది. ఈయన మొఖంల నవ్వు లేదు. "తీస్కరా అక్కా, వంగుతడా?" అన్నడు.

అప్పుడు పందేలు ఎక్కడంటవా? జామాయిల్ తోటల నడుమ పాత డాంబర్ రోడ్డు, గీత గీసినట్టు సక్కగుంటది. తోట ఆసామిని అడుక్కొని, నెలకోపారి పొద్దుగాల రెండు దిక్కుల తాళ్ళు కట్టి, టేపు పెట్టి నాలుగు వందల రెండు మీటర్లు కొలిచెటోళ్ళం. లారీ డ్రైవర్లు, మిల్లు కూలీలు, ఒక డ్రిల్లు మాస్టరు, గిసొంటోళ్ళమే పదిహేను మందిమి. సరదా ఉన్నది గానీ సామాను లేదు. ఖమ్మంల ఒక షోరూంకు పోయి గట్టి చైనో, క్లచ్ స్ప్రింగులో అడిగితే కౌంటర్ల మనిషి తల గూడ ఎత్తకపోవు. "పందెంల తోలిన బండా? వారంటీ పోయింది, ఇగ పో." ఇంకేం జేస్తరు, సంతల దొరికే డూప్లికేట్ సామాను. దూలయ్య అని ఉండె, వెదురు లారీ నడిపేటోడు, మా అందరిల జోరు మనిషి. ఒకనాడు సగం దూరంల ఆ డూప్లికేట్ చైన్ తెగి ఎనక చక్రానికి చుట్టుకున్నది. మోకాలి కింద కుడికాలు తీసేసిన్రు. ఆపరేషన్ అయి కండ్లు తెరిచి వాడు అడిగిన మొదటి మాట ఏందో తెలుసా? "టైం ఎంతొచ్చింది?" నేను నవ్విన. షాలేమ్‌రాజు బయటికి పోయి గోడకు మొఖం పెట్టి నిలబడ్డడు.

ఆ వారం నుంచే బండ్ల కంపెనీకి ఉత్తరాలు రాసుడు షురూ జేసిండు. తెలుగులనే రాసెటోడు. "అయ్యా, మేం నడిపేది మీ బండ్లే. పుణ్యానికి ఏమొద్దు, కొనుక్కుంటం. పందానికి ఆగే సామాను మీరే చేసి పంపున్రి, మీ ముద్ర వేసి పంపున్రి. మా దగ్గర ఒకని కాలు పోయింది." మూడేండ్లు, నెలకొకటి. ఆయన ఇంటామె జోజమ్మ మా ఇంటికాడ చెప్పి నవ్వేది, "నా పెండ్లికి ముందు నాకొక్క ఉత్తరం రాయలేదన్నా, ఆ కంపెనీ ఏం అదృష్టం చేసుకున్నదో" అని. ఇగ మేమందరం మరిచిపోయినంక, ఒకనాడు మురళీకృష్ణ అని హైదరాబాద్ నుంచి కంపెనీ మనిషి దిగిండు. మంచి మనిషే, అబద్ధం ఎందుకు చెప్పాలె. మాతోని నేల మీద కూసొని చాయ్ తాగిండు. కంపెనీ ఇట్ల చిన్న ఊర్ల పందెంగాండ్లకు ఆసరా ఇద్దామనుకుంటున్నదట. రేస్ కిట్ తయారైంది, పిస్టన్, చైన్, స్ప్రింగులు, క్లచ్ బెల్, అన్నీ ఒక డబ్బాల. ముందుగాల పన్నెండు కిట్లు మీకిస్తం, ఆరు నెలలు నడిపి చెప్పున్రి, మంచిగుంటే ఈ దిక్కుకంతా సారపాకల ఒక కౌంటర్ పెడతం అన్నడు. ఆనాడు షాలేమ్‌రాజు ఆ డబ్బా మీద చెయ్యేసి కూసున్నడు చూడు, పసిపిల్లను నిద్రబుచ్చుతున్నట్టు.

కిట్ మంచిదే. చైన్ అయితే ఏనుగును కట్టినా తెగదు. ఒక్క క్లచ్ బెల్ తోనే పేచీ. నీకు తెలుసు గద, క్లచ్ పలకలు కూసునే గిన్నె, చుట్టూ వేళ్ళ లెక్క పండ్లుంటయి. పందెంల ఇంజన్ గుంజి పట్టి క్లచ్ ఒక్కసారే ఇడుస్తం, ఆ దెబ్బకు పండ్లు బయటికి తెరుచుకొని విరుగుతుండె. విరిగిన ముక్క ఇంజన్‌ల పడి గేర్లు పట్టేస్తే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడుడే. మొదటి నాలుగు నెలల్లనే ఏడు విరిగినయి. దేవుని దయ, ఎవ్వలకు ఏం కాలే. షాలేమ్‌రాజు ఏడింటినీ గుడ్డసంచిల దాచి, ఆలోచన చేసి, ఎడ్లబండి చక్రానికి చేసినట్టు చేసిండు. మిల్లు పని దిగినంక ఒక సన్నటి ఇనుప పట్టా కొలతకన్న ఎంటికవాసి తక్కువ తీసి, ఎర్రగ కాల్చి, బెల్ మీద దించి నీళ్ళు పోసెటోడు. సల్లారంగనే పట్టా బిగుసుకొని పండ్లను కౌగిలిచ్చుకున్నట్టు పట్టుకునేది. అటెన్క ఒక్కటి ఇరిగితే ఒట్టు. ఆరు నెలలకు మురళీకృష్ణ మళ్ళ వచ్చిండు, చేతిల కాయితం. "సామానంతా బాగా పనిచేసింది, ఏదీ విరగలేదు" అని టైప్ చేసున్నది. షాలేమ్‌రాజు సంచి బోర్లించిండు. మురళీకృష్ణ మొఖం పాలిపోయింది. "షాలేమ్‌రాజు గారూ, ఇది నేనే పైకి చెప్తాను, మార్పిస్తాను. కానీ ఇప్పుడు చెప్తే ఫైలు ఆగిపోతుందండీ, మళ్ళీ ఎన్నేళ్ళకు కదులుతుందో. ముందు సంతకం పెట్టండి, కౌంటర్ మీకే." ఈయన కాయితం తిరగేసి మరగేసి చూసిండు. "ఏడు విరిగినయని రాయున్రి, పెడత" అన్నడు. "రాస్తే కౌంటర్ రాదండీ." "రాకపాయె." సంచి తీసుకొని సైకిలెక్కిండు.

తెల్లారి భద్రాచలంల మురళీకృష్ణ దిగిన లాడ్జికి పోయి నేను పెట్టిన సంతకం.

అట్ల చూడకు బిడ్డా. కంపెనీ వాపస్ పోతే మళ్ళ ఆ డూప్లికేట్ చైనే గద. దూలయ్య కాలే కండ్ల ముందట ఉండె. పిల్లగాండ్ల కోసమే అనుకుంట పోయిన. పోయేటప్పుడు అదే నిజం. వచ్చేటప్పుడు, గోదారి బ్రిడ్జి మీద, బోర్డు మీద నా పేరు ఎంత పెద్దగ రాయించాలె అని ఆలోచన జేసుకుంట వచ్చిన. ఇదే షాపు, నువ్వు కూసున్నది. తెరిచిన నాడు అందరొచ్చిన్రు, షాలేమ్‌రాజు రాలే. మొదటి కిట్ ఆ డ్రిల్లు మాస్టరే కొన్నడు. డబ్బా చేతికిస్తుంటే నా నోట్లెకెల్లి దానంతట అదే వచ్చింది, "బిగించకముందు గా బెల్ షాలేమ్‌రాజుకు చూపియ్యి" అని. ఆయన తిప్పి పంపుతడేమో, బజారంతా చెప్తడేమో అని దినమంతా వాకిట్లనే నిలబడి తొవ్వ చూసిన. పొద్దుగూకెటాళ్ళకు మాస్టరు వచ్చి చూపించిండు, పట్టా వేసున్నది. ఇగ అప్పటిసంది గదే రివాజు. నేను అమ్ముడు, ఆయన పట్టా వేసుడు. అడవి దిక్కు ఊర్ల నుంచి వచ్చెటోళ్ళు ఇది గూడ కంపెనీ పద్ధతే అనుకునెటోళ్ళు! మూడేండ్లకు మురళీకృష్ణ మాట నిలబెట్టుకున్నడు, కొత్త బెల్ వచ్చింది, మందంగ, జబర్దస్తుగ. దానికి పట్టా అక్కెరలేదు. డబ్బా ఇప్పంగనే నాకు తెలిసింది. అయినా వచ్చినోనికల్లా "షాలేమ్‌రాజుకు చూపియ్యి" అనే అన్న. ఆయనకు తెల్వదా? లేత్ పట్టిన చెయ్యి, ముట్టుకుంటే తెలుస్తది. ఆయన గూడ అక్కెరలేదు పో అనలే. తీసుకొని, నూనెగుడ్డతోటి తుడిచి, ఎలుగుల పట్టి చూసి, వాపస్ ఇచ్చెటోడట. నాలుగేండ్లు గట్లనే నడిచింది. మొత్తం ఏడేండ్లు. దారిల ఎదురుపడితే ఆయన సైకిల్ చక్రం దిక్కు చూసెటోడు, నేను దుకాణాల బోర్డులు చదివెటోణ్ణి. ఒక్క మాట లేదు.

షాలేమ్‌రాజు గుండె ఆగింది, మిల్లులనే, మిషన్ పక్కన. సమాధి కాడికి పోయిన. అందరి ఎనక నిలబడ్డ, ఎవరన్న పొమ్మంటే పోదామని. జోజమ్మ నన్ను చూసి తానే దగ్గరికొచ్చింది. ఈమె రెండు మూడు దినాలకోపారి నా షాపు ముందట్నుంచి కూరగాయల సంచి పట్టుకొని పోయేది, షాపు దిక్కు ఒక చూపు చూసి. నేను తల దించుకునెటోణ్ణి, మనసుల తిట్టుకుంట పోతున్నదనుకునెటోణ్ణి, ఏడేండ్లూ. ఆమె చెప్పింది, "అన్నా, ఎవ్వలు బెల్ తెచ్చినా ఒకటే అడిగెటోడు, గోపాలు పంపిండా అని. అవ్ అంటేనే చేతిల పట్టుకునెటోడు. రెండు దినాలు ఎవ్వలూ రాకుంటే, గోపాలు షాపు తీసిండో లేదో, పానం మంచిగున్నదో లేదో, చూసిరా పో అని నన్ను పంపెటోడు. ఇంట్ల కూరగాయలు కుళ్ళిపోతున్నా మళ్ళ కూరగాయలకే వచ్చేదాన్ని."

...

ఏమన్నవ్? నేనెందుకు పోలేదంటవా? షాపు నుంచి వాళ్ళ ఇల్లు ఎంత దూరం, ఆ మూల మలుపు తిరిగితే... అందర్నీ పంపిన బిడ్డా, ఏడేండ్లు, పేరు పేరునా అందర్నీ...

గా ఫ్యాన్ బంద్ చెయ్యి జర. చప్పుడు ఎక్కువైంది.