కావలివాణ్ణి నాలుగోసారికే గెలిచిన సంగతి

నా పేరు, తండ్రిపేరు, ఇంటి నంబరు పోలీసు స్టేషను రైటర్‌గారు మొదటి కాగితంలో రాసుకున్నారు. వయసు యాభై. పదో తరగతి ప్యాసయ్యాను. వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో ఆరేళ్ళు ఊడ్చి, తుడిచి, టీ పెట్టే పని చేశాను. అక్కడ అందరూ నన్ను పిన్ని అనే పిలిచేవారు. ఈ ఉదయం పదిన్నరకు స్టేషనుకు వచ్చి చెప్పడం మొదలుపెట్టాను. నా గొంతు చిన్నది. రైటర్‌గారు మూడుసార్లు గట్టిగా చెప్పమన్నారు. గట్టిగా చెప్పగలిగే సంగతి కాదు ఇది. అందుకని కాగితాలు అడిగి తీసుకుని నా చేత్తో రాస్తున్నాను.

ఆఫీసు మూడో అంతస్తులో ఉండేది. ఇరవైరెండు మంది పనిచేసేవారు. మీరు ముద్దాయి అని రాసిన ఆయన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవారు. ఆటలో శత్రువు ఎప్పుడు చెయ్యెత్తాలి, ఎంతసేపటికి కొట్టాలి, ఆ దెబ్బకు ఎంత ప్రాణం పోవాలి, ఇవన్నీ నిర్ణయించడం ఆయన పని. అందుకని దెబ్బల మాస్టారు అని పేరు పెట్టారు. మనిషి మాత్రం చీమకు కూడా దారి ఇచ్చే రకం. నేను తడిగుడ్డ పెడితే నేల ఆరేదాకా కాళ్ళు రెండూ పైకెత్తి కూర్చునేవారు.

ఏడాది కిందట ఒక మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు ఆయన నన్ను పిలిచి కుర్చీ చూపించారు. "మా చేతులన్నీ అలవాటు పడిపోయాయి పిన్నీ. పొద్దస్తమానం రుచి చూసే వంటవాడికి ఉప్పు తెలియదు. మీరు ఆడి చూడండి. మీకెంత కష్టమో బయట జనానికీ అంతే అనుకుంటాను" అన్నారు. అప్పటినుంచి ప్రతి మంగళవారం, శుక్రవారం ఆ వేళకు అరగంట ఆడేదాన్ని. ఒకటే షరతు పెట్టారు. ఆ వేళ తప్ప మరెప్పుడూ ఆ ఆట ముట్టుకోకూడదు. నేను తల ఊపాను. నోటితో మాట ఇవ్వలేదు కదా అని తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దేవుడి ముందు అది చెల్లదని అప్పుడూ తెలుసు.

ఇంట్లో మా అక్కతో చెబితే, "మోకాళ్ళకు తైలం రాసుకుంటూ కుస్తీలకు దిగావా తల్లీ?" అని నవ్వింది.

ఆటలో నేను చచ్చిన ప్రతిసారీ మాస్టారు ఎవరి తప్పు అని అడిగేవారు. నాదే బాబూ అంటే సంతోషించేవారు. దెబ్బ తిన్నవాడు ఆటను తిట్టుకుంటే తప్పు మాస్టారిదట. తనను తాను తిట్టుకుని మళ్ళీ లేస్తే ఆట నిలబడ్డట్టట.

ఆట చివర ఒక తలుపు ఉంటుంది. దాని ముందు గద పట్టుకుని కావలివాడు నిలబడతాడు. ఆయన రెండేళ్ళు వాడిమీదే పనిచేశారు. మొదటి దెబ్బకు ముందు కుడిభుజం కిందికి దించుతాడు. రెండో దెబ్బకు పాదం వెనక్కి జరుపుతాడు. మూడోదానికి గద ఎత్తి, కొట్టకుండా ఆగుతాడు. తొందరపడి పక్కకు దొర్లినవాడు అక్కడే చస్తాడు. ఓపిగ్గా చూసినవాడు బతుకుతాడు.

నేను వాడి ముందు మొదటి వారం అరవైమూడుసార్లు చచ్చాను. ఒక్కసారీ గెలవలేదు. శుక్రవారం నాలుగున్నరకు నేను కప్పులు తీస్తుండగా యజమాని వచ్చారు. ఆయన అన్నది ఇది: "పిన్ని దాటలేనివాణ్ణి జనం దాటుతారా? రెండు వారాలు చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే వాణ్ణి పీకేసి తలుపు తెరిచిపెట్టు." మాస్టారు తన కప్పు అందుకున్నారు. కప్పులో టీ లేదు, అయినా ఎత్తి తాగారు. మళ్ళీ ఎత్తి తాగారు.

ఆ సోమవారం నుంచి నేను తప్పు చేశాను. ఒంటిగంటకు అందరూ భోజనానికి కిందికి దిగేవారు. మాస్టారు రెండు వీధుల అవతల ఉన్న ఇంటికి వెళ్ళేవారు. ఆయన తండ్రికి పక్షవాతం. మాట లేదు, చెయ్యి లేవదు. కొడుకు తినిపిస్తేనే తినేవారు. వెళ్తూ తన కంప్యూటరు మిషన్ ఆపేవారు కాదు. నేను ఒకటీ పదికి ఆ కుర్చీలో కూర్చుని ఒకటీ నలభైకి లేచేదాన్ని. కావలివాడు గద ఎత్తగానే మనసులో దేవుడి పేరు ఒకసారి పూర్తిగా అనుకుని మీట నొక్కేదాన్ని. సరిగ్గా అంతసేపే ఆగేవాడు వాడు.

శుక్రవారం మూడున్నరకు పద్నాలుగోసారికి గెలిచాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చిన్నపిల్లవాడిలా కిటికీదాకా వెళ్ళి వచ్చారు. నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నారు.

ఆ రాసుకున్నదేమిటో నాకు ఈ స్టేషనులో ఎస్.ఐ.గారు చెబితే తెలిసింది. నేను పదిహేను ఇరవైసార్ల మధ్య గెలవాలట. అంతకంటే ముందే గెలిస్తే వాణ్ణి ఇంకాస్త గట్టిపరచాలట. నాకు తెలిస్తే కొలత చెడిపోతుందని చెప్పలేదట.

తర్వాతి సోమవారం కావలివాడు నాకు లొంగలేదు. వయసు మీదపడి వేళ్ళు మొద్దుబారాయి అనుకున్నాను. రోజూ కూర్చున్నాను. శుక్రవారానికి పన్నెండోసారికి గెలిచాను. ఆయన మళ్ళీ రాసుకున్నారు. వాడు మళ్ళీ కష్టమయ్యాడు. నా వేళ్ళే అనుకుని భోజనం మానేసి ఇంకా కూర్చున్నాను. ఇలా ఏడు వారాలు జరిగింది. చివరికొచ్చేసరికి దేవుడి పేరు సగంలో ఉండగానే నొక్కవలసి వచ్చేది. మిగిలిన సగం తర్వాత అనుకునేదాన్ని.

ఆఖరి శుక్రవారం నాలుగోసారికే గెలిచాను. ఇంక గట్టిపరచడానికి గడువు లేదని యజమాని ఆపించారట. బొమ్మలు వేసే అమ్మాయి ఒకరోజు, "నావల్ల కావట్లేదు మాస్టారూ, వీడు మనిషా రాక్షసుడా?" అంది. యజమాని వినిపించుకోలేదు. "పిన్ని నాలుగోసారికి గెలిచింది. నీకేం రోగం?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ టీ పోస్తూ నవ్వాను.

గురువారం ఉదయం పది గంటలకు ఆట బయటికి వెళ్ళింది. లక్షకు పైగా జనం తీసుకున్నారు. తొమ్మిది రోజుల్లో కావలివాణ్ణి దాటినవాళ్ళు పదకొండు మంది. మిగతావాళ్ళు తమను తిట్టుకోలేదు, ఆటను తిట్టారు. మాస్టారి తండ్రిని కూడా తిట్టారు. ఆ నెలాఖరుకు ఆఫీసు మూతపడింది. మిషన్ ఏ వేళ నడిచిందో దానిలోనే రాసి ఉంటుందట. రోజూ ఒకటీ పది నుంచి ఒకటీ నలభై దాకా నడిచినట్టు చూసి, వేరే కంపెనీవాళ్ళ మాట విని మాస్టారు దొంగతనంగా ఆట చెడగొట్టారని యజమాని ఫిర్యాదు చేశారు. ఆ వేళ ఆయన ఎక్కడున్నారో చెప్పగలిగింది తండ్రి ఒక్కరే. ఆయనకు మాట లేదు.

మీరు మాస్టారిని సోమవారం పదకొండూ ఇరవైకి ఖాళీ ఆఫీసులోంచి తీసుకెళ్ళారు. అట్టపెట్టెలో పుస్తకాలు సర్దుకుంటున్నారు. నన్ను చూసి, ఒంటిగంటకు నాన్నకు ఎవరు పెడతారు అని మాత్రం అడిగారు. అప్పటినుంచి నేనే పెడుతున్నాను. పెద్దాయన నా చేతిముద్ద తింటారుగాని కళ్ళు తలుపు మీదే ఉంటాయి.

మొన్న బుధవారం నాలుగు గంటలకు జైలుకు వెళ్ళాను. నిజం చెప్పాలనే వెళ్ళాను. కటకటాల అవతల ఆయన నాకంటే మెల్లగా మాట్లాడారు.

"నేనేం మార్చానో నాకే అంతుబట్టడం లేదు పిన్నీ. ఏదో చేసే ఉంటాను, ఎస్.ఐ. సారుకు అలాగే రాసిచ్చేశాను. కానీ మీరు గెలిచారు. గేమంటే ఏమిటో తెలియని మనిషి, వాణ్ణి చూసి చూసి, నాలుగోసారికి గెలిచింది. అది మాత్రం నేను సరిగ్గా చేశాను. రోజూ అదొక్కటే తలుచుకుంటున్నాను."

అవును బాబూ అన్నాను. ఆ అవును అబద్ధం. చెప్పడానికి వెళ్ళి అబద్ధం ఆడి వచ్చాను.

ఇది చదివాక కేసు కొంత తేలికపడవచ్చునని ఎస్.ఐ.గారు అన్నారు. అయినా మాస్టారికి మళ్ళీ ఎవరూ పని ఇవ్వరని కూడా ఆయనే అన్నారు. కావలివాణ్ణి చూసి, తెలుసుకుని, న్యాయంగా గెలిచిన మనిషి ఒకతె ఉందని మాస్టారు నమ్ముతున్నారు. అలాంటి మనిషి లేదు. అలవాటుపడిన చేతులు ఇంకో జత ఉన్నాయి, అంతే.

పైన రాసినదంతా నేను చేసినదీ, నా కళ్ళతో చూసినదీ. నాకు తర్వాత తెలిసినవి ఎస్.ఐ.గారు చెప్పగా రాశాను. ఎవరూ బెదిరించి రాయించలేదు. రెండుసార్లు చదువుకున్నాను, దిద్దవలసింది లేదు. దేవుడి ఎదుట కూడా ఇవే మాటలు చెబుతాను.

ఈ కాగితాలు ఫైలులో ఉంచండి, మేజిస్ట్రేటుగారికి ఇవ్వండి. మాస్టారికి మాత్రం చూపించకండి. నకలు ముద్దాయికి ఇచ్చి తీరాలని, అది చట్టమని ఎస్.ఐ.గారు రెండుసార్లు చెప్పారు. విన్నాను. విని కూడా సంతకం చేస్తున్నాను. అయినా అడుగుతున్నాను, చూపించకండి.

(సంతకం, ఎడమ బొటనవేలి ముద్ర)
మధ్యాహ్నం 12.35. పెద్దాయన భోజనం వేళకు వెళ్ళడానికి అనుమతించడమైనది.