క్రిస్మస్ ఆరాధన తర్వాత భూస్థాపన

హలో… ఆ, నేనే, పాస్టరమ్మనే. చెప్పండి సెక్రటరీగారూ.

…గొంతా? పోయింది. వారం నుంచీ ఇదే వరస. పొద్దున ఆసుపత్రిలో క్రిస్మస్, సాయంత్రం స్కూల్లో క్రిస్మస్. రేపు అసలు క్రిస్మస్‌కి ఈ కాస్తైనా మిగిలితే చాలు. మీరు అరవకండి, నేనెలాగూ తిరిగి అరవలేను.

…విన్నది నిజమే. రేపు పొద్దున ఆరాధన అవగానే భూస్థాపన. ప్రార్థన మన చర్చిలోనే. మీ అన్నయ్యగారిదే, ఇంకెవరిది?

…లేదండీ. ఎల్లుండికి మార్చను.

…పండగైతే? పోయేవాళ్ళు పండగ చూసుకుని పోతారా? తెల్లారేసరికి ఆయన లేరు. మీ వదినగారు నాకు ఫోన్ చేశారు. మీకు చెయ్యలేదు. ఎందుకో మీకే తెలుసు.

…పెట్టె ఎక్కడ పెడతానంటే— వేదిక ముందు పశువుల పాక సెట్టింగు వేయించారు కదా, దాన్ని కాస్త పక్కకి జరిపించాను. …ఆ, జరిపించేశాను. ఏమీ విరగలేదు లెండి. గొర్రె ఒకటి పడిపోతే లేపి నిలబెట్టాం. మిమ్మల్ని అడిగితే వద్దంటారని తెలిసే అడగలేదు.

…పిల్లలు జడుసుకుంటారా? ఇదిగో, నా ఎదురుగానే రిహార్సల్ చేస్తున్నారు, తలలకి తువాళ్ళు చుట్టుకుని. వాళ్ళకి చెప్పేశాను. దేవదూత వేషం కట్టే పిల్ల, ఆ తాతగారికి కూడా ఒక పాట పాడాలా అనడిగింది. పాడమన్నాను.

…మీరు పిలిచిన పెద్దవాళ్ళా? వస్తే కూర్చుంటారు. కూర్చోలేనివాళ్ళకి గేటు ఎటుందో తెలుసు.

…ఆయన సంఘంలో లేరా? ఆ పేరు కొట్టేయించింది ఎవరండీ? మీరే కదా. అదీ ఒక పాట కోసం. ఆయన మరీ పై శ్రుతిలో ఎత్తుకున్నారని, క్రిస్మస్ రోజు, నిండు సంఘంలో మధ్యలో ఆపించారు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు. మీరు పిలవలేదు, ఆయన మళ్ళీ రాలేదు.

…నిజమే, అప్పుడు నేను లేను. కానీ ఇక్కడికొచ్చిన రోజే ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెప్పారు, ఎవరి శ్రుతిలో వాళ్ళు.

…బిషప్‌గారికా? రాయండి. నిక్షేపంగా రాయండి. బదిలీ చేస్తారు, అంతే కదా. వెళ్ళిన చోటా క్రిస్మస్ వస్తుంది, అక్కడా మనుషులు పోతారు. అక్కడా ఇదే చేస్తాను.

…తలబిరుసే. మా ఆయనా అదే అంటాడు. పెళ్ళయ్యాక ఒక్క క్రిస్మస్‌కీ మేమిద్దరం కలిసి భోంచేసింది లేదు. పండగ పూట నా మొహం చూడాలంటే, పాపం, వచ్చి బెంచీలో కూర్చోవాల్సిందే. అంత వదులుకుని చేస్తున్న పనండీ ఇది. చావుని గేటు బయట నిలబెట్టి, లోపల దేవుడు పుట్టాడని ప్రసంగం చెయ్యమంటే నా వల్ల కాదు.

…సమాధుల తోట తాళం మీ దగ్గరుందని తెలుసు. ఇవ్వకండి. గేటు ముందే పెట్టె దించి, అక్కడే ప్రార్థన మొదలుపెడతాను. మీరొచ్చి తీసేదాకా ఆపను. గొంతు లేకపోతేనేం, పెదవులు కదులుతాయి.

…

…హలో? ఉన్నారా?

…

…లైన్లోనే ఉన్నాను. పెట్టేయను.

…ఏడవండి. నేనేమీ అనుకోను. నాకూ పొద్దున్నుంచి ఏడుపొస్తూనే ఉంది, తీరిక దొరకలేదు.

…లేదు, బాధపడలేదు. నిద్రలోనే పోయారు.

…మిమ్మల్ని తల్చుకున్నారా అంటే— నాకు తెలీదు సెక్రటరీగారూ. అబద్ధం చెప్పను.

…బట్టలా? ఇంకా మార్చలేదు. నేను అక్కణ్ణించి వచ్చేటప్పటికి మీ వదినగారు తెల్లచొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తొడగాలని చూశారట. మనిషిని లేపి పట్టుకుంటే గానీ చెయ్యి చొక్కాలోకి పోదు, ఆవిడ ఒక్కరివల్ల కావడం లేదు. ఇంకా ఆలస్యమైతే చేతులు పూర్తిగా బిగుసుకుపోతాయి.

…నేను పట్టుకుంటానన్నానండీ. వద్దన్నారు. మా మరిది వస్తాడు, అన్నారు.

…ఆ. అదే మాట. రెండోసారి అడిగినా అదే మాట.

…ఏం మొహం పెట్టుకుని అంటే, ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళండి. తలుపు తీసే ఉంది.

…లేచారా? …సరే. ఇక ఫోన్ పెట్టేయండి. ఆ పనికి రెండు చేతులూ కావాలి.