లక్ష ఏళ్ల మట్టి

"ఎన్నేళ్లని రాశారు బాబుగారూ, ఈ మట్టికి?"

1986 మే నెల. నూజివీడు దగ్గర మామిడితోటలో తను తవ్వించిన గోతి దగ్గర పరిశోధక విద్యార్థి రత్నబాబు నోటుబుక్కుతో కూర్చున్నాడు. ఎదురుగా తోటలో కూలి జోజమ్మ, చేతిలో తట్ట.

"కింది పొరకి లక్ష. పైది దానికంటే కొత్తది. ఎక్కడైనా అంతే, జోజమ్మా."

"ఎక్కడైనానా అండి?"

"ఎక్కడైనా. మోటు రాతిగొడ్డళ్లు పాతవి, కింద దొరకాలి. సన్నటి రాతిబ్లేడ్లు తర్వాతివి, పైన దొరకాలి. ఇక్కడ తిరగబడింది. బ్లేడ్లు కింద, గొడ్డళ్లు పైన. అంటే ఇక్కడి మనిషి ముందు సన్నపని నేర్చాడు. ఇరవై ఏళ్ల కిందట మా గురువుగారు పాండురంగారావు గారు ఆ పక్క గోతిలో ఇదే చూశారు. సగంమంది నమ్మలేదు. ఇది రెండో గొయ్యి. రేపు ఆయనే వస్తున్నారు. నా డాక్టరేటంతా ఇందులోనే ఉంది."

"ఉంటే మంచిదేనండి."

"ఏంటి నసుగుతావు?"

"ఏం లేదు. ఈ వరసలో ఇక్కడొక్కచోటే చెట్టు లేదు, చూశారా?"

"లేకపోబట్టే తవ్వాం. వేళ్లు అడ్డం రావని."

"ఉండాల్సిందేనండి. పాతికేళ్ల కిందట తోట వేసినప్పుడు మామిడి అంటు పెట్టడానికి ఇక్కడే గొయ్యి నేనూ మా ఆయనా తవ్వాం. మూడడుగులు. అంటు బతకలేదు."

"తీసిన మట్టేగా మళ్లీ పూడ్చింది?"

"తీసిన మట్టేనండి."

"మరింకేం."

"పైమట్టి కింద వేశాం. కిందిమట్టి పైన."

"ఎందుకు?"

"పైమట్టికి బలం. వేరుకి అందాలి కదండి. ముసునూరెళ్లినా, రెడ్డిగూడెమెళ్లినా మామిడి గొయ్యి అలాగే పూడుస్తారు."

"నువ్వు పొరబడుంటావు."

"నా చేత్తో పూడ్చిందేనండి."

"నెల నుంచి నా దగ్గరే తవ్వుతున్నావు. ఇప్పుడా చెప్పడం?"

"మీరు రాళ్లు ఏరమన్నారు. ఏరాను. మట్టి సంగతి ఇవాళే ఎత్తారు."

"మీ ఆయన..."

"పోయి మూడేళ్లయింది."

"ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవరికి కావాలండి ఇది?"

"జోజమ్మా, చూడు. రేపు ఆయన ముందు ఈ మాట ఎత్తకు. నా కోసం కాదు. ఆయన ఇరవై ఏళ్లుగా ఇదే పాఠం చెప్తున్నారు. పెద్దమనిషి. తట్టుకోలేరు."

"తట్టుకున్నారండి. ఆ పక్కదీ మామిడి గొయ్యే, పూడ్చిందీ మేమే. ఆయన తవ్వినప్పుడే ఆయనకి చెప్పాను. ఎవరితోనూ అనొద్దన్నారు, వాళ్ల గురువుగారు తట్టుకోలేరని."