నీ పక్క చోటు

స్థలం లేదంట! విన్నావా? ఇంత సమాధుల దొడ్డిలో ఒక్క మనిషిని పెట్టడానికి స్థలం లేదంట! విజయ్ పాల్ మాస్టారు లేచి నుంచుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ చెప్పేడు. చర్చి సంఘ పెద్ద కదా, అబద్ధమైనా మర్యాదగా చెప్పాలి.

జరుగు, కూర్చోనీ. మోకాళ్ళు లాగేస్తున్నాయి. మొగుడి సమాధి గట్టు మీద పెళ్ళాం కూర్చుంటే తప్పేం లేదులే.

ఏంటి, పక్కకి చూస్తున్నావా? పచ్చి మన్నే. పువ్వులింకా పూర్తిగా వాడలేదు. నీ సంపూర్ణమ్మ కోసం అట్టిపెట్టిన చోట్లో ఎవడొచ్చి పడుకున్నాడా అని కదా నీ బెంగ? చెప్తాను, ఉండు.

పేరు సీమోను. ఒరిస్సావాడు. ఇంటిపేరేదో డిగల్ అంట. రంగరాజుగారి రొయ్యల చెరువు దగ్గర మేత చల్లడం, నీళ్ళు తిప్పే ఏరియేటర్లు చూసుకోవడం, కాపలా, అంతా వాడే. చెరువు గట్టు మీదే రేకుల పాక. పెళ్ళాం మినతి, చంకలో పిల్ల. ఆ మినతి భీమవరం రోడ్డు షెడ్డులో రొయ్యల తలకాయలు తీస్తుంది. అవునయ్యా, నేను చేసిన పనే! నన్ను పొమ్మని వాళ్ళని తెచ్చిపెట్టుకున్న పనే!

నాకు వాళ్ళంటే ఒళ్ళుమంట. ఎందుకుండదు? మేం ఆదివారం రామంటాం. పెళ్ళంటాం, చావంటాం, పిల్లకి జ్వరమంటాం. వాళ్ళు ఏమీ అనరు. ఎక్కడికని పోతారు? రైలెక్కి వచ్చినవాళ్ళకి చుట్టాలా, పక్కాలా! అందుకే యజమానులకి ముద్దు. చెరువు మీద ఒరిస్సావాళ్ళు, ఊడ్పులకి బెంగాలువాళ్ళు, పోలవరంలో కాంక్రీటు పొయ్యడానికి బీహారువాళ్ళు. మన వాళ్ళేమో కువైట్‌లో అరబ్బుల పిల్లల ముడ్లు కడుగుతున్నారు. ఎవడింటి పని వాడు చేసుకోడు కదా ఈ లోకంలో!

సరే, వాడి సంగతి. ఏరియేటర్ రెక్కకి తాడేదో చుట్టుకుందని చెరువులోకి దిగేడు. కరెంటు తీగ పైతొడుగు ఊడి నీళ్ళలో వేళ్ళాడుతోంది. అంతే. అరుపు కూడా లేదంట.

ఆ తీగ మార్చమని వాడు చెప్తూనే ఉన్నాడంటయ్యా. రాజుగారికి హిందీ అర్థం కాలేదంట! 'జల్దీ, జల్దీ' అని కేకలేసేటప్పుడు వచ్చిన హిందీ, తీగ దగ్గరకొచ్చేసరికి మర్చిపోయేడు పాపం.

కబురు చెప్పడానికి వెళ్ళిన పాలేరు బుల్లియ్యని ఆయన ముందడిగిందేంటో తెల్సా? "రొయ్యలకేం కాలేదు కదరా?" అని. పెద్దమనిషి! ఆ నోటితోనే మొన్న పండక్కి అన్నదానం చేసేడు.

పోలీసులు వచ్చేరు, రాసుకున్నారు, శవాన్ని కోయించి అప్పజెప్పేరు. రాజుగారు అంబులెన్స్ మాట్లాడేసేడు. శవం, పెళ్ళాం, పిల్ల, సామాను, అన్నీ ఒక్క బండిలో ఒరిస్సా పంపేస్తే ఊరు శుభ్రం. మినతి ఎక్కనంది. ఆ బక్కపిల్ల, బండి తలుపు పట్టుకుని, ఎక్కనంది!

"అక్కడ ఎవరూ లేరు. పని ఇక్కడ. నేను ఇక్కడ. ఆయన కూడా ఇక్కడ," అంది. వచ్చిందే ఆ నాలుగు ముక్కల తెలుగు. ఇంకెవరికైనా ఇంకేం చెప్పాలి?

వాళ్ళు మన మతమే కదా, ఆదివారాలు మన గుడికొచ్చేవాళ్ళు. చెప్పులు విడిచేచోట నుంచునేవాడు వాడు. మన రాగంలోనే వాళ్ళ భాషలో పాడుకునేవాడు, మెల్లిగా. మినతి చాప మీద కూర్చుంటే మాస్టారి భార్య ముక్కుకి కొంగు పెట్టుకునేది. రొయ్యల కంపంట! నెయ్యేసి వేపుడు చేసినప్పుడు రాదు కాబోలు ఆ కంపు.

పాస్టరుగారు మెత్తటి మనిషి, కమిటీని పిలిచేరు. నేనూ పోయేను. ఎందుకా? ఊరికే. తగువుంటే చూడకుండా ఎలా ఉంటాను?

"సంఘ సభ్యత్వం లేదు," అన్నాడు కమిటీలో ఒకడు. "చందా కట్టలేదు," అన్నాడింకొకడు. "రేపు ఇంకో పదిమంది వస్తారు, మన పిల్లలకి చోటుండదు," అన్నాడు మాస్టారు. ఎంత ముందుచూపో! మన పిల్లలు చస్తారని ఇప్పట్నుంచే చోటు చూసుకుంటున్నాడు.

ఈ దొడ్డి చుట్టూ గోడ ఎవరి కష్టమయ్యా? మాస్టారి చెల్లెలు మస్కట్‌లో అంట్లు తోమి పంపిస్తే కట్టింది కాదూ? పరాయి దేశంలో పనిమనిషి డబ్బుతో గోడ కట్టి, పరాయి పనివాడు లోపలికి రాకూడదంటారు! నేనదే అన్నాను. గట్టిగానే అన్నాను.

"ఆడవాళ్ళు మధ్యలో మాట్లాడకూడదు," అన్నాడు మాస్టారు.

"స్థలం లేదనేగా మీ ఏడుపు? మా ఆయన పక్కన నా చోటుంది. అందులో పెట్టండి."

మాస్టారు నావైపు తిరిగి, "మరి రేపు నీకెక్కడ, సంపూర్ణమ్మా?" అన్నాడు.

"నన్ను మోసేది మీరేగా, మీ ఇష్టం. గోడవతల పడేసినా లేచొచ్చి అడగను," అన్నాను.

సాయంత్రానికల్లా పెట్టేసేరు. ఒరిస్సావాళ్ళు ఎంతమందొచ్చేరనుకున్నావు! ఏ చెరువు గట్ల మీంచి లేచొచ్చేరో, బురద కాళ్ళతోనే. వాళ్ళే తవ్వేరు, వాళ్ళే పాడేరు, వాళ్ళే పూడ్చేరు. మన కమిటీ గేటు దగ్గర నుంచుని వాచీలు చూసుకుంది.

రాజుగారు పూలదండ పంపేడు. తీగ కూడా మార్పించేడంట. ఇవాళ పొద్దున్నే వాడి చోట్లోకి ఇంకొకడు రైలు దిగేడు. చెరువుకేం? మేత పడుతోంది, రెక్కలు తిరుగుతున్నాయి.

నిన్న ప్రసంగంలో పాస్టరుగారు నా పేరెత్తేరు. దారిలో దెబ్బలు తిని పడున్న పరాయివాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ చెప్పి, అలాంటి మనసంట నాది! ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను తలొంచుకున్నాను. సిగ్గనుకున్నారు. కాదయ్యా, నవ్వాపుకోలేక!

నిజం నీకు చెప్తే తప్పేంటి? వాడి మీద జాలితో ఇవ్వలేదు నేను. బతికినన్నాళ్ళూ నీ పక్కన పడుకున్నాను. నువ్వు తాగొచ్చి తిట్టే తిట్లు వింటూ, గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇంక యేసుప్రభువు రెండోసారి వచ్చి చచ్చినవాళ్ళని లేపేదాకా కూడా నీ పక్కనే పడుకోవాలా? నాకొద్దు. ఎన్నాళ్ళనుంచో వద్దు. చెప్పడానికి ఒక సాకు దొరికింది, అంతే.

తిట్టుకో. వాడికి తెలుగు రాదు, ఎంతైనా తిట్టుకో.

వెళ్తాను. రేపట్నుంచి మినతి షెడ్డుకి పోతుంది. పోకపోతే ఆ పనీ ఇంకొకత్తికి ఇచ్చేస్తారు. పసిదాన్ని నా దగ్గర వదలమన్నాను.

ఎందుకన్నానా? ఏమో. అది మాత్రం అడక్కు.